సంతకానికి ముందు: ప్రాణాపాయంలో ఉన్న పిల్లలు, పరిశోధన, తల్లిదండ్రుల అనుమతి

వర్జీనియాలోని ఆష్‌బర్న్ పేరు తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. డేటా సెంటర్ల వల్ల ప్రసిద్ధికెక్కిన ఈ ఊళ్ళో, పోటోమాక్ నది ఒడ్డున, హోవర్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ నడిపే జనీలియా పరిశోధన కేంద్రం 2006 నుంచీ ఉంది. అక్కడ ఈగల మెదళ్ళనూ ఎలుకల మెదళ్ళనూ శోధిస్తారు. జబ్బుపడ్డ పిల్లల మీద జరిగే పరిశోధనల కోసమైతే ఈ ఊరివారు బయటికి వెళ్ళవలసిందే: నది దాటి బెథెస్డాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ క్లినికల్ సెంటర్‌కు, వాషింగ్టన్‌లోని చిల్డ్రన్స్ నేషనల్ ఆసుపత్రికి, ఇంకా దూరమైతే బాల్టిమోర్‌కు, ఫిలడెల్ఫియాకు. తెలిసిన మందులన్నీ అయిపోయాక వైద్యులు మెల్లగా “ఒక స్టడీ ఉంది” అన్నప్పుడు ఆ ప్రయాణం మొదలవుతుంది. ఆ మాటకూ తల్లిదండ్రుల సంతకానికీ మధ్య ఒక్కోసారి వారం రోజులుంటాయి, ఒక్కోసారి రెండు గంటలే ఉంటాయి.

ఆ వ్యవధిలో ఏం జరుగుతుందన్న దాని మీద వైద్యనీతి శాస్త్రం నలభయ్యేళ్ళకు పైగా ఒకే రకమైన సమాధానం చెబుతోంది. దుఃఖంలో ఉన్న తల్లిదండ్రులకు చెప్పింది అర్థం కాదు. అర్థమైనా ఆశ అడ్డుపడుతుంది. పరిశోధన అంటే తమ బిడ్డకు చేసే చికిత్సేనని పొరబడటాన్ని 1982లో పాల్ ఆపెల్‌బామ్, లోరెన్ రోత్, చార్లెస్ లిడ్జ్ ఒక పేరుతో గుర్తించారు. తెలుగులో దాన్ని చికిత్సాభ్రాంతి అనవచ్చు. మానసిక వైద్య పరిశోధనల్లో పాల్గొన్న పెద్దవాళ్ళను చూసి వాళ్ళు పెట్టిన ఆ పేరు క్రమంగా ఆసుపత్రి పడక పక్కన కూర్చున్న ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ అంటుకుంది.

ఈ సమాధానం ఆష్‌బర్న్‌లో ఎంతవరకు నిలుస్తుంది? వాడుకరుల్లో సగం మందికి ఒక పేజీ, మిగతా సగానికి ఇంకొక పేజీ చూపించి ఏది మెరుగో తేల్చే ఏ/బి టెస్టింగ్ ఇక్కడి తెలుగువారిలో చాలామందికి ఉద్యోగంలో భాగం. కంప్యూటరు చీటీ తీసినట్టుగా ఒక బిడ్డను ఈ మందుకూ ఇంకొక బిడ్డను ఆ మందుకూ కేటాయిస్తుందంటే వీరికి తెలియనిదేమీ లేదు. అయినా సంతకం పెట్టవలసిన చెయ్యి ఆగుతుంది. అంటే లోపం గ్రహణశక్తిలోనే ఉందన్న నిర్ధారణకు ఆధారం చాలదు. ఈ రంగంలో వివాదాస్పదమైన ఘట్టాలను వరసగా చూస్తే, తల్లిదండ్రులు విన్న తీరుకన్నా వారిని అడిగిన తీరే, కొన్నిచోట్ల అసలు అడగకపోవడమే, ఎక్కువ అనర్థం చేసిందని తెలుస్తుంది.

ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు తెలుగువాడి ప్రయోగశాల మీదుగా సాగింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థ ఫోలిక్ ఆమ్లాన్నీ, దానికి విరోధులైన పదార్థాలనూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ మొదట ఫోలిక్ ఆమ్లానికి చెందిన సంయోగాలను రోగులకిచ్చాడు. లుకేమియా ఉన్న పిల్లల మూలుగలో జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు అతనికి కనిపించింది. ఫోలిక్ ఆమ్లం జబ్బును ఎగదోస్తున్నదైతే దాన్ని అడ్డుకునేది జబ్బును అణచాలన్న తర్కంతో 1947 చివరలో అమినోప్టెరిన్ మొదలుపెట్టాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది; ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

సుబ్బారావు కథ తెలుగులో చెప్పుకునేటప్పుడు ఆ పదిమందీ కనిపిస్తారు. మిగతా ఆరుగురూ, అంతకు ముందు జబ్బు వేగం పుంజుకున్న పిల్లలూ సాధారణంగా కనిపించరు. వాళ్ళ తల్లిదండ్రులను ఏమని అడిగారన్నది అసలు ప్రస్తావనకే రాదు. ఇది ఫార్బర్ మీద నేరారోపణ కాదు. నాటి అమెరికాలో అతను ఉల్లంఘించగల నియమమంటూ లేదు. విచిత్రమేమిటంటే, నాజీ వైద్యుల విచారణ ముగిసి న్యూరెంబర్గ్ నియమావళి వెలువడింది కూడా 1947 ఆగస్టులోనే. ప్రయోగానికి లోనయ్యే మనిషి స్వయంగా, స్వేచ్ఛగా సమ్మతించి తీరాలని దాని మొదటి సూత్రం. దాన్ని అక్షరాలా పాటిస్తే రెండేళ్ళ పిల్లవాడికి కొత్త మందు ఇవ్వడం కుదరనే కుదరదు. నాలుగు నెలలు తిరగకుండా బోస్టన్‌లో జరిగింది సరిగ్గా అదే. ఈనాడు అమెరికాలో లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారంటే, ఆ నియమావళిని పిల్లల విషయంలో అక్షరాలా పాటించకపోవడం వల్లనే. ఇంత ఇబ్బందికరమైన పునాది మీద లేచిన రంగమిది.

1983లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం పిల్లల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చినప్పుడు ఈ ఇబ్బందిని మాటలతో సర్దుబాటు చేసింది. పెద్దవాళ్ళు తమ కోసం ఇచ్చుకునేది కన్సెంట్; బిడ్డ తరఫున తల్లిదండ్రులు ఇచ్చేది పర్మిషన్ మాత్రమే; ఊహ తెలిసిన బిడ్డ తలూపడం అసెంట్. ఈ మూడూ తెలుగులోకి వచ్చేసరికి ‘అంగీకారం’ అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి. వాడుకలోనైతే అదీ ఉండదు, ‘సంతకం’ ఉంటుంది. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ తలూపే ప్రశ్నే లేదు కనుక ప్రాణాపాయ స్థితిలో భారమంతా రెండోదాని మీదే పడుతుంది. నిబంధనల ప్రకారం ప్రమాదం సాధారణ స్థాయి దాటినా, బిడ్డకు ప్రత్యక్ష ప్రయోజనం కలిగే అవకాశం ఉంటే తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం చాలు. ప్రయోజనం లేకుండా ప్రమాదం కాస్త పెరిగితే ఇద్దరిదీ కావాలి. కాబట్టి తీవ్రమైన జబ్బుల మీద జరిగే అధ్యయనాల్లో ఎక్కువభాగం ‘ప్రత్యక్ష ప్రయోజనం’ అనే ద్వారం గుండానే లోపలికి వస్తాయి. ప్రయోజనం ఉందని సమీక్షా సంఘం చేత ముద్ర వేయించుకుని వచ్చిన పత్రాన్ని చేతికిచ్చి, ప్రయోజనం ఆశించిన తల్లిదండ్రులను భ్రాంతిలో ఉన్నారనడం న్యాయం కాదు.

తల్లిదండ్రుల దుఃఖాన్ని అనర్హతగా లెక్కగట్టితే ఏమవుతుందో ఫిలడెల్ఫియా చూపింది. కాలేయంలో ఓటీసీ అనే ఎంజైమ్ లోపిస్తే రక్తంలో అమ్మోనియా పేరుకుంటుంది. తీవ్రరూపంలో అది పుట్టిన కొద్దిరోజులకే ప్రాణం తీస్తుంది. 1990లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ విల్సన్ బృందం దీనికి జన్యుచికిత్స సిద్ధం చేసినప్పుడు, మృత్యుముఖంలో ఉన్న శిశువుల మీదే మొదట ప్రయత్నించాలన్న ఆలోచన వచ్చింది. అదే విశ్వవిద్యాలయంలోని నీతిశాస్త్రవేత్త ఆర్థర్ కాప్లన్ వద్దన్నాడు. బిడ్డ చనిపోతున్న తల్లిదండ్రులు స్వేచ్ఛగా నిర్ణయించలేరని, బిడ్డ రోగమే వారిని బలవంతపెడుతుందని అతని వాదం. దాంతో ప్రయోగం పెద్దవాళ్ళ వైపు మళ్ళింది. పథ్యంతో, మందులతో జబ్బును అదుపులో ఉంచుకుని, 18 ఏళ్ళు నిండగానే తానే సంతకం పెట్టిన జెస్సీ గెల్సింగర్ 1999 సెప్టెంబరు 17న, మందు ఎక్కించిన నాలుగో రోజున, చనిపోయాడు. ఆ చికిత్స వల్ల అతనికి కలగబోయే మేలు ఏదీ లేదు. అదే తరహా మందుతో కోతులు చనిపోయిన సంగతి అతనికిచ్చిన పత్రంలో లేదని, మందు ఎక్కించేనాటికి అతని అమ్మోనియా స్థాయి అధ్యయనానికి నిర్ణయించిన పరిమితికి మించి ఉందని ఆ తర్వాత బయటపడింది.

ఈ మరణాన్ని సాధారణంగా సంస్థల స్వార్థానికి, పర్యవేక్షణ లోపానికి ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. అయితే దాని వెనక ఉన్న మొదటి మెట్టు అంతగా చర్చకు రాలేదు. తల్లిదండ్రులు ‘నిర్ణయించలేరు’ కనుక వారిని కాపాడాలన్న సదుద్దేశం ప్రమాదాన్ని తొలగించలేదు. దాన్ని కోల్పోయేది ఎంతో ఉన్న ఒక కుర్రవాడి మీదికి జరిపింది, అంతే.

సరిగ్గా పాతికేళ్ళ తర్వాత అదే నగరంలో ప్రశ్న మళ్ళీ లేచింది. 2024 ఆగస్టులో పుట్టిన, కేజే పేరుతో లోకానికి తెలిసిన శిశువుకు అదే జీవక్రియా చక్రంలో మరొక ఎంజైమ్, సీపీఎస్1, లోపించింది. ఈ జబ్బు తీవ్రంగా వచ్చిన శిశువుల్లో సగం మంది బతకరని అంచనా. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో రెబెకా ఆరెన్స్-నిక్లాస్, ఇంటిపేరులోనే ఒక తెలుగు ఊరు వినబడే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు కిరణ్ ముసునూరు కలిసి, ఆ ఒక్క బిడ్డలోని ఒక్క జన్యుదోషం కోసమే ఆరునెలల్లో ఒక మందు తయారుచేయించారు. 2025 ఫిబ్రవరిలో మొదటి మోతాదు తక్కువగా ఇచ్చారు. తర్వాత మరో రెండు. బిడ్డ మాంసకృత్తులు ఎక్కువ తినగలిగాడు, మందులు తగ్గాయి, జూన్‌లో ఇంటికి వెళ్ళాడు. ఏ తల్లిదండ్రులు నిర్ణయించలేరని 1990లలో అనుకున్నారో అటువంటివారే ఇక్కడ నిర్ణయించారు. కాలేయమార్పిడి కోసం ఎదురుచూడటమన్న మరో దారి కూడా వారి ముందుంది.

బిడ్డ కోలుకున్నాడు కనుక వారి నిర్ణయం సరైనదనడం తప్పుడు తర్కం. మొదటి మోతాదుకే బిడ్డ పోయివుంటే వారి అనుమతి విలువ ఏమీ తగ్గేది కాదు. అనుమతిని తూచవలసింది ఫలితంతో కాదు, అడిగిన రోజున వారి ముందు ఏమేమి పెట్టారన్నదానితో. ఒక్క బిడ్డ కోసం తయారైన మందు విషయంలో వైద్యుల ప్రయోజనమూ తల్లిదండ్రుల ప్రయోజనమూ చాలావరకు ఒకటే కావడం ఆ పనిని తేలిక చేసింది. చీటీ వేసి రెండు వర్గాలుగా విడదీసే అధ్యయనాల్లో ఆ సౌలభ్యం ఉండదు.

అటువంటివాటిలో ఎక్మో కథ అందరికన్నా ఎక్కువ కలవరపెడుతుంది. ఊపిరితిత్తులు పనిచేయని నవజాత శిశువు రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు ఎక్కించి తిరిగి పంపే యంత్రం అది. 1985లో మిషిగన్‌లో రాబర్ట్ బార్ట్‌లెట్ ప్రచురించిన అధ్యయనంలో యంత్రం మీద పెట్టిన 11 మంది బతికారు. మామూలు చికిత్సకు వెళ్ళిన ఒకే ఒక్క శిశువు చనిపోయింది. ఒక్కరితో పోలిక చాలదన్నారు. బోస్టన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. అక్కడ ముందే చీటీ వేసి, ఎక్మో వచ్చిన శిశువుల తల్లిదండ్రులను మాత్రమే అడిగారు. మామూలు చికిత్స వచ్చినవారికి అధ్యయనం జరుగుతోందన్న సంగతే చెప్పలేదు. మెరుగైనదేమో అనిపించే చికిత్స పక్కనే ఉందనీ, తమ బిడ్డకు అది రాదనీ తెలిస్తే ఇప్పటికే కుంగిపోయిన తల్లిదండ్రులు మరింత బాధపడతారన్నది ఇచ్చిన కారణం. 1989లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మొదటి దశలో మామూలు చికిత్స పొందిన 10 మందిలో 4గురు చనిపోయారు. ఎక్మో పొందిన 9 మందీ బతికారు. ఇక్కడ చికిత్సాభ్రాంతికి చోటే లేదు, ఎందుకంటే ఆ పది కుటుంబాలకు భ్రమపడటానికి కూడా ఏమీ చెప్పలేదు. దుఃఖం పట్ల చూపిన దయే వారి నోరు కట్టేసింది.

ఏడేళ్ళ తర్వాత బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం తల్లిదండ్రులను అడిగింది. 185 మంది శిశువుల్లో ఎక్మో వర్గంలో 93కి 30 మంది, రెండో వర్గంలో 92కి 54 మంది చనిపోయారు. ఆ తల్లిదండ్రుల్లో కొందరితో క్లేర్ స్నోడన్, ఆమె సహచరులు మాట్లాడి 1997లో రాసిన వ్యాసం ఇక్కడి వాదానికి కొంత ఎదురు నిలుస్తుంది. చీటీతో కేటాయింపు జరిగిందన్నది చాలామంది మనసుకు ఎక్కలేదని అది చెబుతుంది. కాదనడానికి లేదు. కానీ తన బిడ్డ బతుకు చీటీ మీద తేలిందని ఒక తండ్రి నమ్మలేకపోవడం గణితం రాకపోవడం కాదు. వైద్యుడు ఇక్కడ వైద్యుడిగా నిర్ణయించడం లేదన్నదాన్ని మనసు ఒప్పుకోకపోవడం. అది అతనికి ఎవరైనా ఎదురుగా కూర్చుని చెప్పవలసిన విషయం, పత్రంలో నాలుగో పేజీలో అచ్చువేయవలసినది కాదు.

పత్రంలో ఏం రాస్తారన్నదానికి సపోర్ట్ అధ్యయనం సాక్ష్యం. 2005 నుంచి నాలుగేళ్ళ పాటు అమెరికాలో నెలలు బాగా తక్కువగా పుట్టిన 1316 మంది శిశువులను రెండు వర్గాలు చేసి, రక్తంలో ప్రాణవాయువు స్థాయిని ఒక వర్గానికి 85 నుంచి 89 శాతం మధ్య, మరొక వర్గానికి 91 నుంచి 95 శాతం మధ్య ఉంచారు. ఎక్కువైతే చూపు పోతుంది, తక్కువైతే ప్రాణానికే ముప్పు కావచ్చు. గీత ఎక్కడ గీయాలో ఎవరికీ తెలియదు. ఇది నిజాయితీ గల ప్రశ్న, దానికి సమాధానం కావలసిందే. తక్కువ స్థాయి వర్గంలో 19.9 శాతం, ఎక్కువ స్థాయి వర్గంలో 16.2 శాతం శిశువులు చనిపోయారు. బతికినవారిలో తీవ్రమైన రెటీనా జబ్బు వరసగా 8.6, 17.9 శాతం. 2013 మార్చిలో ఫెడరల్ పర్యవేక్షణ కార్యాలయం ఆక్షేపించింది అధ్యయనాన్ని కాదు, అనుమతి పత్రాలను. రెండు స్థాయిలూ వాడుకలో ఉన్నవే కనుక అదనపు ప్రమాదమేదీ లేదన్న ధోరణిలో కొన్ని పత్రాలు సాగాయి. చూపుకు కలగగల మేలు రాసినచోట కూడా మరణం మాట రాలేదు. ఎందరో పేరున్న వైద్యులూ నీతిశాస్త్రవేత్తలూ అధ్యయనాన్ని సమర్థించారు. అధ్యయనాన్ని సమర్థించవచ్చు, ఆ పత్రాలను సమర్థించడం కష్టం. ‘మీ వైద్యులకు ఏది మంచిదో తెలియదు, అందుకే కంప్యూటరుకు వదిలేస్తున్నారు’ అన్న ఒక్క వాక్యం రాయడానికి సంకోచించి, తర్వాత తల్లిదండ్రులకు సరిగా అర్థం కాలేదనడం ఈ రంగానికి అలవాటైపోయింది.

తెలుగునేల మీద ఇదే కథ ఇంకా పచ్చిగా జరిగింది. అక్కడ పిల్లలు జబ్బుపడ్డవారు కాదు. అయినా అడగడమనే విషయంలో అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చాయి. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే పిల్లలు. కొన్ని మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో పథకం ఆగింది. విచారణ సంఘం ఆ మరణాలకు టీకాయే కారణమని తేల్చలేదు. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: పరిశీలించిన 9543 పత్రాల్లో 1948 వేలిముద్రలవి, 2763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. నిర్వాహకులు దాన్ని పరిశోధన అనలేదు, ‘ప్రదర్శన పథకం’ అన్నారు. పరిశోధన అన్న మాట ఎత్తకపోతే అడగవలసిన అవసరం కూడా తప్పుతుంది. భద్రాచలం మన్యంలోని తండ్రికి చికిత్సాభ్రాంతి ఉందా లేదా అన్న చర్చకు అర్థం లేదు; అతని వేలు కూడా వారికి అక్కరలేకపోయింది.

ఆష్‌బర్న్ తండ్రికి ఆ గతి పట్టదు. అతని చేతికి ఇరవై ముప్ఫై పేజీల ఇంగ్లీషు పత్రం వస్తుంది, అది గంటలో వాట్సాప్ ద్వారా టెక్సస్‌లోని డాక్టరు బావమరిదికీ హైదరాబాదులోని పెదనాన్న కొడుకుకీ చేరుతుంది. తెలుగు కుటుంబాల్లో ఇటువంటి నిర్ణయం ఇద్దరిది కాదు; ఫెడరల్ నిబంధనల్లో మేనమామకు చోటు లేదు గాని ఇంట్లో ఉంది. వీసా మీద ఉన్న అమ్మమ్మకు ‘క్లినికల్ ట్రయల్’ అన్నది ‘ప్రయోగం’గా అనువాదమవుతుంది, ఆ మాటతో గినీపంది గుర్తుకొస్తుంది, ‘కొత్త ట్రీట్‌మెంట్’గా అనువదిస్తే ఆశ తప్ప ఇంకేమీ మిగలదు. రెండూ తప్పుడు అనువాదాలే. ఇక “డాక్టరుగారూ, మీకెలా తోస్తే అలా చెయ్యండి” అనడం పుట్టినప్పటి నుంచీ విన్న మర్యాద. చికిత్సలో ఆ మాట నమ్మకం. వైద్యుడే పరిశోధకుడైనచోట ఆ మాటకు జవాబు చెప్పే స్థానంలో అతను ఉండడు, ఎందుకంటే తనకు తోచినట్టు చేయకూడదన్నదే అధ్యయనంలో అతనికున్న నియమం.

చట్టం కూడా నది ఈ ఒడ్డున ఒకలా, ఆ ఒడ్డున ఒకలా ఉండగలదు. బాల్టిమోర్‌లోని కెనెడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్ ఇళ్ళలో సీసపు రంగును పాక్షికంగా తొలగించి అక్కడి పిల్లల రక్తంలో సీసం కొలిచిన అధ్యయనం మీద 2001లో మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. బిడ్డకు మేలు చేయని, ప్రమాదం ఉన్న పరిశోధనకు తల్లిదండ్రులు అనుమతివ్వలేరని అన్నది. తర్వాత ఆ ప్రమాదమంటే కనీసస్థాయిని మించినదని వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఫెడరల్ నిబంధనలు షరతులతో ఒప్పుకునేదాన్ని మేరీలాండ్ తల్లిదండ్రులకు లేకుండా చేసిన తీర్పది. బాల్టిమోర్ కుటుంబాలకు జరిగింది అధికారం ఎక్కువై కాదు, తమ పిల్లల రక్తంలో ఏం కనబడిందో సకాలంలో తమకు చెప్పలేదన్నదే వారి ఫిర్యాదు. న్యాయస్థానం కూడా చివరికి చెప్పనివారి సంగతి తేల్చే తీర్పులోనే అడగనివారి హక్కును కత్తిరించింది.

2019 జనవరి నుంచి అమలైన సవరించిన ఫెడరల్ నిబంధనలు అనుమతి పత్రం మొదట్లోనే ముఖ్యాంశాలను క్లుప్తంగా చెప్పాలంటున్నాయి. మంచిదే. అయితే క్లుప్తీకరణ చేసేది కూడా అడిగేవారే. సపోర్ట్ పత్రాలనే క్లుప్తం చేస్తే మరణం అన్న మాట దానంతటది వచ్చి చేరదు. బెథెస్డాలోనో ఫిలడెల్ఫియాలోనో గది బయట నిలుచున్న తల్లిదండ్రులకు పత్రంలో తప్పక వెతకవలసిన వాక్యాలు రెండే రెండు: ఈ అధ్యయనంలో చేరకపోతే రేపు ఉదయం ఇదే ఆసుపత్రిలో ఈ బిడ్డకు ఏం చేస్తారన్నది ఒకటి; చేరిన పిల్లలకూ చేరనివారికీ మధ్య చావుబతుకుల్లో తేడా రావచ్చని అనుమానించడానికి వైద్యులకున్న కారణమేమిటన్నది ఇంకొకటి. అవి పత్రంలో లేకపోతే నోటితో అడగవచ్చు, జవాబు రాసిమ్మని కోరవచ్చు, తెలుగు దుబాసీని పిలిపించమనవచ్చు.